ఇర్మెలిని అడగకుండా ముట్టుకోవద్దు

మా ఉత్తరపు మంచు సీమలో, కైస్లవార మున్సిపల్ ఆఫీసు కింద ఓ నేలమాళిగ ఉంది. బాంబులు పడితే జనం తలదాచుకోవడానికని పాతకాలంలో కట్టింది. జానెడు మందాన ఇనుప తలుపు, కిటికీ అన్నది లేదు, లోపల ఏ ఫోనూ మోగదు. బాంబులైతే పడలేదు గాని, అంత గది ఖాళీగా ఎందుకని ఒక మూల ఆఫీసు సర్వర్లు పెట్టారు. ఇంకో మూల ఓటు పెట్టెలు, స్కీ పోటీల జెండాలు, ఎవరివో తెలియని రెండు సైకిళ్ళు. ఈ రెండు మూలల మధ్య ఇర్మెలి ఇరవై నాలుగేళ్ళు పనిచేసింది.

పెద్ద సర్వర్లు రెండు. ఒకదాని పేరు మాన్సిక్కి, రెండోదాని పేరు హెలూనా. చిన్నప్పుడు వాళ్ళ కొట్టంలో ఉన్న ఆవుల పేర్లు పెట్టింది. వాటి లోపల ముప్ఫై ఒక్క కంప్యూటర్లు నడుస్తాయి. కంటికి కనపడేవి కావవి. సర్వర్ తన జ్ఞాపకంలోంచీ డిస్కులోంచీ కాస్త కాస్త పంచి ఇస్తే, ఆ వాటాతోనే తానో నిండు కంప్యూటర్‌ననుకుని బతికే వర్చువల్ మెషీన్లు. బడి పిల్లల మార్కులు ఒకదాంట్లో, లైబ్రరీ పుస్తకాలు ఒకదాంట్లో, ముసలివాళ్ళ ఇళ్ళకు పంపే భోజనాల జాబితా ఇంకోదాంట్లో. ఒక మెషీన్ మొరాయిస్తే దాన్నొక్కదాన్నే ఆపి లేపుకోవచ్చు. కిందున్న ఆవు మొరాయిస్తే మాత్రం దాని మీదున్నవన్నీ ఒక్కసారే పడకేస్తాయి.

ముప్ఫై ఒకటోది నీళ్ళ మెషీన్. ఊరి పంపులు ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది అదే. దాని ప్రోగ్రాం రాసిన కంపెనీ ఎన్నడో మూతపడింది. మొదట్లో అది బూడిదరంగు డబ్బాలో ఉండేది. డబ్బా ఫ్యాను అరుస్తూ చావుకు దగ్గరైతే, ఇర్మెలి దాని డిస్కును అక్షరం పొల్లుపోకుండా ఎత్తి, హెలూనా మీద వర్చువల్ మెషీన్‌గా నిలబెట్టింది. మూడు ఆదివారాలు పట్టింది. అంతా అయ్యాక దాని వివరాల గడిలో ఓ వాక్యం రాసింది: 'ఇర్మెలిని అడగకుండా ముట్టుకోవద్దు.' ఆ రోజు అది గర్వంగానే రాసింది.

అంతకు రెండేళ్ళ ముందు, ఓ ఫిబ్రవరిలో, ఆ బూడిదరంగు డబ్బా ఆగిపోయింది. అప్పటి డైరెక్టర్ ఆర్నె నెత్తిన మంచుతోనే మెట్లు దిగి వచ్చాడు. "ఈ మెషీన్ ఆగిందా, ఊరికి చుక్క నీళ్ళుండవు ఇర్మెలీ. ఊరు నీ చేతుల్లో ఉంది," అని ఆఫీసు ఫోనొకటి ఆమె చేతిలో పెట్టాడు. మోగితే ఎత్తాలి, ఎత్తిన గంటలో నేలమాళిగలో ఉండాలి. ఆర్నె ఆ మాట ఎంత ఆలోచించి అన్నాడో తెలియదు. అన్న మూడేళ్ళకు రిటైరై దక్షిణాదికి పోయాడు. మాట మాత్రం ఇర్మెలి దగ్గరే ఉండిపోయింది.

అక్కణ్ణుంచి ఆమె బతుకంతా ఒక గంట కారు దూరంలో ఇరుక్కుంది. ఆ దూరంలోనైనా సిగ్నల్ ఉండాలి. మా వైపు ఆడవాళ్ళకు బురదనేలల్లో పసుపుపచ్చ హిల్లా పళ్ళు ఎక్కడ కాస్తాయో తెలుసు, చచ్చినా ఎవరికీ చెప్పరు. ఇర్మెలికి మాత్రం సిగ్నల్ ఎక్కడెక్కడ కాస్తుందో తెలుసు. పళ్ళు ఏరడానికి పోయినా ఆ చోట్లే తిరిగేది, అందుకే ఆమె బుట్ట ఎప్పుడూ సగమే. చెరువులో ఈతకు దిగితే ఫోను ప్లాస్టిక్ సంచిలో కట్టి చెక్కవంతెన అంచున పెట్టేది, తల అటే తిప్పి ఈదేది. ఒకాయన ఆరేళ్ళు ఆమెతో కలిసి ఉన్నాడు. నార్వే సముద్రం చూసొద్దామని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగకుండా ఒక్కడే వెళ్ళాడు, వెనక్కి రాలేదు. ఆమె తప్పు పట్టలేదు. ఎలా పడుతుంది? ఆయన అడిగిన మూడుసార్లూ ఆమె ఫోను వైపే చూసింది.

అన్నిటికంటే పెద్ద కష్టం దీవి. నాన్న పోయాక చెరువు నడుమనున్న చిన్న దీవి, దాని మీది చెక్క ఇల్లు, సౌనా అనే ఆవిరిస్నానాల గది ఆమె వాటాకు వచ్చాయి. ఊరికి నలభై నిమిషాల కారు, ఆపైన అరగంట తెడ్డు. అక్కడ సిగ్నల్ లేదు. ఎవరైనా ఒక్క పూట ఫోను పట్టుకుంటే ఆ పగలు పోయేది, గడ్డి కోసేది, పొయ్యిగొట్టం మసి దులిపేది, సాయంత్రమయ్యేసరికి పడవ ఎక్కేది. ఆఫీసులో అందరూ జులై నెల్లాళ్ళూ దీవుల్లో పడి నిద్రపోయి ఎండకు ఎర్రగా కమిలి వచ్చేవాళ్ళు. సొంత దీవి ఉండి, పంతొమ్మిదేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఇర్మెలి అక్కడ పడుకోలేదు.

ఈ ఏడు వసంతంలో సకారి అనే ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని పనిలో పెట్టుకున్నారు. నడివేసవి పండగకు ముందు గురువారం నుంచి ఫోను అతనిది. ఇర్మెలికి నాలుగు వారాల సెలవు. ఆ నాలుగు వారాలూ సకారి ఆమెను పిలవకుండా నెట్టుకొస్తే ఫోను అతని దగ్గరే ఉంటుంది. నెట్టుకురాలేకపోతే తిరిగి ఆమెకే. మేనేజరు ఈ సంగతి ఈమెయిల్లో రాసింది, చివర ఓ నవ్వు బొమ్మ కూడా పెట్టింది. ఇర్మెలి దాన్ని అచ్చు తీసుకుని ఇంటికి పట్టుకుపోయింది.

అప్పగింత కాఫీ బల్ల దగ్గర జరిగింది. ఇద్దరి ముందూ ఏలకుల బన్ను.

"నీళ్ళ మెషీన్ శనివారం తెల్లవారుజామున తన పాత లెక్కలన్నీ మొదట్నుంచీ తిరగరాసుకుంటుంది," అంది ఇర్మెలి. "అప్పుడు కాస్త రొప్పుతుంది. రొప్పనీ."

"సరే."

"దాన్ని ముట్టుకోకు."

"రాసుంది గదా. చదివాను."

"మిగతా కాగితాలన్నీ ఫోల్డర్లో ఉన్నాయి."

"చూశాను."

అంతటితో ఇరవై నాలుగేళ్ళ అప్పగింత అయిపోయింది. అర్థమైందా అని అడిగితే అతన్ని చిన్నబుచ్చినట్టు. అర్థం కాలేదని అతను అంటే తన పరువు తానే తీసుకున్నట్టు. మావాళ్ళు ప్రాణమైనా వదులుతారు గాని ఒకరినొకరు ఇలాంటి ఇబ్బందిలో పెట్టుకోరు. ఇద్దరూ బన్ను తింటూ కిటికీలోంచి బిర్చి చెట్లను చూశారు.

అంతకు ముందురోజు, బుధవారం, ఇర్మెలి ఇంకో పని చేసింది. సకారి చెయ్యి జారి ఏదైనా పాడైతే ఎలాగని నీళ్ళ మెషీన్‌కు ఓ స్నాప్‌షాట్ తీసి ఉంచింది. స్నాప్‌షాట్ అంటే మెషీన్ ఆ క్షణాన ఎలా ఉందో అలా ముద్ర వేసి పెట్టుకోవడం. ఏదైనా బెడిసికొడితే ఆ ముద్ర దగ్గరికి వెనక్కి రావచ్చు. అయితే ముద్ర వేసిన దగ్గర్నుంచి జరిగే ప్రతి మార్పూ అసలు డిస్కులోకి పోదు, పక్కన వేరే ఫైల్లో పోగుపడుతుంది. ఆ రోజే తీసేస్తే ఏ గొడవా లేదు. మరిచిపోతే ఆ ఫైలు ఊరుతూనే ఉంటుంది, డిస్కులో ఇంక చోటు లేదనేదాకా. ఈ సంగతి ఇర్మెలి ఎంతమందికి చెప్పిందో. ఈ స్నాప్‌షాట్‌కు 'వెళ్ళేముందు తీసేయాలి' అని పేరు కూడా పెట్టింది. సకారికి చెప్పలేదు. చెబితే తనను నమ్మలేదనుకుంటాడని.

గురువారం తాళాలు, గుర్తింపు కార్డు, ఫోను ఇచ్చేసింది. మేనేజరు పూలగుత్తి ఇచ్చింది. కొత్త బంగాళాదుంపలు, సోయకూర, పొగబెట్టిన చేప కొనుక్కుని ఇర్మెలి కారెక్కింది. ఎప్పుడూ లేనిది రేడియోతో పాటు పాడింది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి మరిచిపోయింది, ఆ ఒక్కసారీ సంతోషంతో.

శుక్రవారం సౌనా కాచుకుంది, ఆనవాయితీగా బిర్చి రెమ్మలతో వీపు బాదుకుంది, నీళ్ళలో దూకింది. తల మాత్రం చెక్కవంతెన వైపే తిరుగుతోంది. అక్కడేమీ లేదు. మంచమెక్కాక కూడా చెవి ఆగలేదు. కాకి అరిస్తే లేచింది, పడవ గొలుసు చప్పుడైతే లేచింది. నడివేసవిలో మా వైపు పొద్దు గుంకదు; కిటికీ బయట వెలుతురు తగ్గదు, లోపల ఈ మనిషికి కన్ను మూతపడదు. మొదటి రాత్రి కదా, అలవాటవుతుందిలే అనుకుంది.

బాగా పొద్దెక్కాక లేచి, కాఫీ పెట్టుకుని నాన్న పుస్తకం తీసింది. మా దగ్గర దీవుల మీది ప్రతి ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉంటుంది. ఎవరొచ్చి పడుకున్నా తారీఖు, గాలి, చేపలు రాసిపోతారు. నాన్న రాసిన చివరి పేజీ తర్వాత అన్నీ తెల్లకాగితాలే, ఎందుకంటే పగలు వచ్చి పోయేవాళ్ళు రాయరు. ఇర్మెలి పెన్ను పట్టుకుని తారీఖు వేసింది. 'శనివారం' అని రాసింది.

అక్కడ పెన్ను ఆగిపోయింది. శనివారం. తెల్లవారుజామున నీళ్ళ మెషీన్ తన లెక్కలన్నీ తిరగరాసుకుంటుంది. తిరగరాసిందంతా స్నాప్‌షాట్ పక్క ఫైల్లోకి పోతుంది. హెలూనా డిస్కులో మిగిలిన చోటు దానికి చాలదు.

కాఫీ అలాగే వదిలేసి పడవ విప్పింది. ఒడ్డుకు సగం దూరంలో ఓ బండ ఉంది, అక్కడికి రాగానే జేబులో సొంత ఫోనుకు ప్రాణం వచ్చింది. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. అది చూసి ఇంకా భయమేసింది. పండగపూట సెలవులో ఉన్న మనిషికి మావాళ్ళు ఇల్లు కాలిపోతున్నా ఫోను చెయ్యరు. ఆఫీసు ఫోనుకు తనే చేసింది, తన పాత నంబరుకే. మోగలేదు. మోగలేదంటే నేలమాళిగలో ఉన్నాడన్నమాట.

ఇనుప తలుపు దగ్గర ఆమె చేతిలో తాళం లేదు. కారు తాళంతో తలుపు మీద టకటకా కొట్టింది. కాసేపటికి సకారి తీశాడు. పండగ తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు, మోచేతుల దాకా దుమ్ము.

"నువ్వు సెలవులో ఉన్నావు," అన్నాడు.

"హెలూనా ఎలా ఉంది?"

"ఆరున్నరకి డిస్కు నిండిపోయింది. దాని మీద పదకొండు ఆగిపోయాయి. ఎవరూ వాడని పాత మెషీన్ ఒకటుంటే దాన్ని మాన్సిక్కి మీదకి మార్చి చోటు చేశాను. పదింటిని లేపాను. నీళ్ళదాన్ని ఆపే ఉంచి స్నాప్‌షాట్ తీసెయ్యమన్నాను. పక్క ఫైలును అసలు డిస్కులో కలుపుకుంటోంది."

తెర మీద పచ్చగీత తొంభై తొమ్మిది దగ్గర నిలబడి ఉంది.

"ఎంతసేపట్నుంచి తొంభై తొమ్మిది?"

"గంటా నలభై నిమిషాలు."

"మధ్యలో ఆపలేదు కదా?"

"ఆపితే పోతుంది."

"ఎవరు చెప్పారు?"

"పాత ఉద్యోగంలో ఒకసారి ఆపాను," అన్నాడు సకారి.

ఇర్మెలి ఓటు పెట్టె మీద కూలబడింది. "ఆ స్నాప్‌షాట్ నాది," అంది.

"తీసినవాళ్ళ పేరు అక్కడే ఉంటుంది. చూశాను."

"నీకు చెప్పాల్సింది."

"చేరి మూడు నెలలైనవాణ్ణి నేనైనా నమ్మను," అన్నాడు. నిష్టూరమేమీ లేదు గొంతులో. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. "నీ నంబరు కొట్టాను పొద్దున. బొత్తాం మీద వేలు కూడా పెట్టాను. పండగపూట ఎందుకులే అని ఆగాను."

"దీవిలో సిగ్నల్ లేదు."

"తెలుసు. అయినా ఆగాను."

ఇద్దరూ తొంభై తొమ్మిదిని చూస్తూ కూర్చున్నారు. ఆ పనిలో చూడడం తప్ప చెయ్యడానికేమీ ఉండదు, ముట్టుకుంటేనే తప్పు. అలవాటు కొద్దీ ఇర్మెలి చెయ్యి చాపింది. బల్ల మీద ఆఫీసు ఫోను ఉంది, దాని వైపు. సకారి ముందే దాన్ని తీసి జేబులో వేసుకుని జిప్పు లాగాడు.

"ఇది నాది," అన్నాడు. "నేను పిలిస్తే రాలేదు నువ్వు, నీ అంతట నువ్వే వచ్చావు. మేనేజరుకి అలాగే చెప్తాను."

ఊపిరి తీసుకోవలసిన చోట ఇర్మెలికి ఇంకోటి తట్టింది. నీళ్ళ మెషీన్ ఆరున్నర నుంచి లేదు. ఇప్పుడు ఒంటిగంట. ఊరంతా పండగ, ప్రతి ఇంట్లో సౌనా, టాంకు ఎప్పుడో అడుగంటి ఉండాలి. లేచి నడవాలోని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి, చల్లగా, ఎప్పటిలాగే. అలా పడుతున్న నీళ్ళలో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

"నీళ్ళెలా వస్తున్నాయి?" అని అడిగింది.

"పంప్‌హౌస్ చూసే ఓస్మోకి పొద్దున్నే చెప్పాను. చూసుకుంటానన్నాడు."

"ఏం చూసుకుంటాడు?"

"అడగలేదు," అన్నాడు సకారి.

పంప్‌హౌస్ ఇసుకదిబ్బ మీద, పైన్ చెట్ల మధ్య ఉంది. ఆఫీసు నుంచి కారులో ఆరు నిమిషాలు. ఇర్మెలి ఇన్నేళ్ళలో అక్కడికి ఒక్కసారీ పోలేదు. ఆమెకు మెషీన్ తెలుసు, నీళ్ళు తెలియవు. ఓస్మో గుమ్మం ముందు బోర్లించిన పెట్టె మీద కూర్చుని చిన్న కుంపటి మీద సాసేజ్ కాలుస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా అతనిదే ఆ చోటు.

"వచ్చావా," అన్నాడు. "ఈసారి మెషీన్ లేవడం బాగా ఆలస్యమైందే. ఆవపొడి ముద్దుంది, తింటావా?"

"నీళ్ళెలా వస్తున్నాయి ఓస్మో?"

"గొట్టంలోంచి."

ఆమె మొహం చూసి ఓస్మో లేచాడు. లోపలికి తీసుకుపోయాడు. పంపు ఒకటి గుర్రుమంటోంది. గోడ మీద పాత ఆకుపచ్చ పెట్టె, దాని మీద నల్లటి మీట, బొటనవేలంత. మీట చుట్టూ మూడు అక్షరాలు. ఒకటి మెషీన్‌కి, ఒకటి ఆపడానికి, ఒకటి చేత్తో నడపడానికి.

"చేతి వైపు తిప్పాను," అన్నాడు ఓస్మో. "టాంకు నిండాక ఆపుతాను. సాయంత్రం వచ్చి మళ్ళీ తిప్పుతాను. మెషీన్ లేచేదాకా అంతే."

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"కట్టినప్పట్నుంచి. నేను రాకముందే ఉంది."

"మెషీన్ ఆగితే ఊరికి చుక్క నీళ్ళుండవని ఆర్నె చెప్పాడు."

"ఆర్నెకి పంపుకీ కాఫీ మరకీ తేడా తెలీదు. కౌన్సిల్లో ఎవరో కసిరుంటారు, ఆ కోపం తెచ్చి నీ మీద పెట్టుంటాడు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ఏమని?"

"ఇది ఉందని."

ఓస్మో గడ్డం గోక్కున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, తొందరపడే మనిషీ కాదు. "నువ్వు అడగలేదు," అన్నాడు. "ఎప్పుడాగినా అరగంటలో ఆఫీసుకొచ్చేసేదానివి. నేను బూట్లు తొడుక్కుని ఇక్కడికొచ్చేలోపు నీ మెషీన్ లేచి కూర్చునేది. ఓ క్రిస్మస్ నాడు కూడా వచ్చావు. పాపం, ఇంట్లో ఉండొచ్చు గదా అని మా ఆవిడ అంది కూడా."

"ఆ మాట నాతో అనుండొచ్చు గదా."

"నీకు రావడం ఇష్టమేమో అనుకున్నాం ఇర్మెలీ."

ఇర్మెలికి ప్లాస్టిక్ సంచిలో ఫోను గుర్తొచ్చింది, సగం బుట్ట పళ్ళు గుర్తొచ్చాయి, నార్వే గుర్తొచ్చింది. తెల్లకాగితాల పుస్తకం గుర్తొచ్చింది. కోపమొచ్చింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆర్నె మీద అరుద్దామంటే అతను చనిపోయి మూడేళ్ళయింది. ఓస్మో చేసిన తప్పే తనూ చేసింది, నోరు తెరిచి అడగకపోవడం. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఓస్మో తల పక్కకు తిప్పి పంపు గేజీని శ్రద్ధగా చూశాడు.

"టాంకు నిండినట్టుంది," అన్నాడు కాసేపటికి. "ఎలాగూ ఆపాలి. నువ్వే తిప్పు."

ఇర్మెలి మొహం తుడుచుకుని మీట పట్టుకుంది. బిగుసుకుని ఉంటుందేమోనని రెండో చెయ్యి కూడా సాయం పెట్టబోయింది. అవసరం లేకపోయింది. రెండు వేళ్ళకే తిరిగింది. పంపు ఓసారి నిట్టూర్చి ఆగింది.

"ఇంతేనా?"

"ఇంతే. చలికాలంలో కొంచెం బిగుస్తుంది."

ఆమె దాన్ని మళ్ళీ చేతి వైపు తిప్పింది. పంపు మొదలైంది. మళ్ళీ ఆపింది. మళ్ళీ తిప్పింది. అలా చేస్తే పంపుకు మంచిది కాదు, అది తెలిసీ ఓస్మో బయటికి పోయి కుంపటి మీద ఆమెకో సాసేజ్ పెట్టాడు.